తాతయ్య సైకిలు, నాన్న బండి, నా కారు

"ఆ బండి అమ్మేసి కారు కొనుక్కో నాన్నా" అని అమ్మ చాన్నాళ్ళు పోరు పెట్టింది. నేను వినలేదు. చివరికి ఓ వానాకాలం రాత్రి కొత్తగూడ జంక్షన్ దగ్గర కంకర మీద టైరు జారి, బండి ఓ పక్కకీ నేనో పక్కకీ పడ్డాం. మోచెయ్యి కొట్టుకుపోయింది. హెల్మెట్ ఎడమవైపు పెచ్చులూడిపోయింది. ఇంటికొచ్చి దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మరుసటి నెలే కారు బుక్ చేశాను.

మా ఇంట్లో మూడు తరాలు, మూడు వాహనాలు. తాతయ్య ముప్ఫయ్యేళ్ళు సైకిలు తొక్కాడు, ఒక్క ఎముకా విరగలేదు. నాన్న హీరో హోండా మీద రెండుసార్లు పడ్డాడు. నా సంగతి పైన చెప్పాను. మరి ఈ మూడింట్లో ఏది సేఫ్? ఇంజనీరు బుర్ర కదా, లెక్క తీద్దామని కూర్చున్నాను. లెక్క కంటే చరిత్రే ఆసక్తిగా ఉంది.

ముందు సైకిలు. ఇప్పుడు మనం చూస్తున్న సైకిలు పుట్టినప్పుడు దాని పేరేంటో తెలుసా? "సేఫ్టీ బైసికిల్". అంతకుముందు సైకిళ్ళకి ముందు చక్రం మనిషి ఎత్తు, వెనక చక్రం బుల్లిది. రాయి తగిలితే పైనున్నవాడు తలకిందులుగా నేల మీద పడేవాడు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా, వెనక చక్రానికి చైనుతో 'రోవర్' తయారుచేశాడు. కాళ్ళు నేలకి అందేవి. అంటే సైకిలు ఇంటిపేరే భద్రత అన్నమాట! తాతయ్య రోజుల్లో దానికి శత్రువులు గుంతలు, కుక్కలు, గేదెలు. డైనమో లైటు లేదని పోలీసాయన ఆపడం ఒకటి. అవేవీ గంటకి 80 కిలోమీటర్ల వేగంతో రావు కదా.

తర్వాత మోటార్‌సైకిలు. హెల్మెట్ చరిత్రలో సైకిలూ మోటార్‌సైకిలూ ఒకే సీనులో కనిపిస్తాయి. 1935 మే నెలలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ తన మోటార్‌సైకిలు మీద వెళ్తూ, సైకిళ్ళ మీదున్న ఇద్దరు కుర్రాళ్ళని తప్పించబోయి పడ్డాడు. తలకి దెబ్బ. ఆరు రోజుల తర్వాత పోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. కెయిర్న్స్ తర్వాత సైన్యంలో మోటార్‌సైకిలు నడిపేవాళ్ళ తల గాయాల మీద లెక్కలు తీసి 1941లో ప్రచురించాడు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం వాళ్ళకి హెల్మెట్ తప్పనిసరి చేసింది.

మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షన్, హెల్మెట్ పెట్టుకోమంది. అయినా కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీదున్నవాళ్ళు. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. చట్టం వచ్చి అప్పటికి ముప్ఫయ్యేళ్ళు దాటింది!

ఇక కారు. 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే సీటు బెల్టు తెచ్చాడు. మిగతా కంపెనీలూ వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019లో తప్పనిసరైంది. భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు 2023లో వచ్చాయి. నేనూ ఆ స్టార్లు చూసుకునే కొన్నాను.

సరే, లెక్క. అమెరికాలో 2021లో మైలుకింత అని లెక్కేస్తే, కార్లలో ఉన్నవాళ్ళ కంటే మోటార్‌సైకిలు మీదున్నవాళ్ళు చనిపోవడం దాదాపు 24 రెట్లు ఎక్కువ. బ్రిటన్ లెక్కల్లోనూ మోటార్‌సైకిలుదే మొదటి స్థానం, సైకిలు దాని తర్వాత, కారు బాగా కింద. కాబట్టి అమ్మ మాటే కరెక్టు. కారే సేఫ్.

కానీ ఈ లెక్కలో ఓ బగ్ ఉంది. అది చచ్చిపోయినవాడు దేని మీదున్నాడో చెప్తుంది, వాణ్ణి గుద్దింది ఏమిటో చెప్పదు. నా సీటు బెల్టూ ఎయిర్‌బ్యాగూ నా కోసమే. బయటవాడి కోసం కారులో ఉన్నది నా కాలు కింద బ్రేకు ఒక్కటే.

దీనికి ఉదాహరణ మన పక్కనే ఉంది. గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబర్ 4న తెరిచారు. వేగ పరిమితి 40. అదే నెల 23న దానికి రెట్టింపు పైన వేగంతో వచ్చిన ఓ కారు మలుపులో అదుపు తప్పి, గోడ దాటి కింద పడింది. నడిపినవాడు గాయాలతో బతికాడు. కింద రోడ్డు పక్కన నిలబడ్డ ఒకావిడ చనిపోయింది. ఆవిడ ఏ వాహనం మీదా లేదు.

సైబర్ టవర్స్ 1998లో మొదలైంది, నేనూ ఇంచుమించు అప్పుడే పుట్టాను. ఇద్దరికీ ఒకే వయసు. ఈ వయసులో ఈ ప్రాంతం వేగానికి చాలా కట్టింది. గచ్చిబౌలి-శంషాబాద్ మధ్య ఔటర్ రింగ్ రోడ్డు 2008లో తెరిచారు. దాని మెయిన్ రోడ్డు మీదకి ద్విచక్ర వాహనాలు రాకూడదు. 2023 అక్టోబర్ 1న ఔటర్ పక్కనే సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. చాలా బాగుంది, నేనూ ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. కార్లో సైకిలు పెట్టుకుని :)

మా ఆఫీసు దగ్గర సెక్యూరిటీ గార్డు ఒకాయన రోజూ సైకిలు మీదే వస్తాడు. ఆయన వచ్చే దారిలో ట్రాక్ లేదు, లైట్లు సగం వెలగవు. పోయిన నెల రాత్రి షిఫ్టు అయ్యాక ఎడమవైపు తిరుగుతుంటే నా సైడు అద్దం దేనికో తగిలింది. దిగి చూస్తే ఆయన. సైకిలు పట్టుకుని నిలబడి "పర్లేదు సార్, ఏం కాలేదు, మీరెళ్ళండి" అంటున్నాడు. తప్పు నాది, సర్ది చెప్తున్నది ఆయన. ఆయన సైకిలు అచ్చం తాతయ్య సైకిల్లాంటిదే.

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, అందులో పిల్లలే 400 మందికి పైగా. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి గొడవ చేశారు. వాళ్ళు అడిగింది పిల్లలకి కార్లు కాదు, పిల్లలు భయం లేకుండా తిరిగే వీధులు. అక్కడ ఇప్పుడు తాతలూ మనవలూ సైకిళ్ళ మీద నల్లేరు మీద బండి నడకలా వెళ్ళిపోతున్నారంటే, కారణం సైకిలు మారడం కాదు, రోడ్డు మారడం.

మన దగ్గర భద్రత కావాలంటే ఇంకో మెట్టు పైకెక్కి కొనుక్కోవాలి. సైకిలు నుంచి బండికి, బండి నుంచి కారుకి. ఎక్కిన ప్రతివాడూ కింద మిగిలినవాడికి ఇంకొంచెం ప్రమాదం అవుతున్నాడు. నేను కూడా.

కారు అమ్మేస్తానని కబుర్లు చెప్పను, అమ్మ ఊరుకోదు. ఆఫీసు రోడ్డు మీద మాత్రం 40 దాటడం లేదు, ఎడమవైపు తిరిగేముందు రెండుసార్లు చూస్తున్నాను. గార్డు సైకిలుకి వెనక మెరిసే ఎర్ర స్టిక్కర్లు తెచ్చిచ్చాను. ఇది పరిష్కారం కాదని నాకూ తెలుసు. ఆఫీసుకి సైకిలు మీద వెళ్తున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఏ దారిలో ఎలా వెళ్తున్నారో చెప్పండి.