ముచికుందుని మేలుకొలుపు

ల్యాప్‌టాప్ నిద్ర లేస్తుంది. తెరచిన పుటలు, సగం వ్రాసిన పద్యం పెట్టినచోటనే ఉంటాయి. వైర్‌లెస్ మాత్రం పలుకదు. దీనిని యంత్రదోషమని త్రోసివేయడం కద్దు. కాని మిత్రులారా, దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. వేర్వేరుగా పెరిగిన రెండు విద్యలు ఒకే పెట్టెలో కాపురం చేయవలసి రావడమే ఈ చిక్కుకు మూలం.

మొదటిది నిద్రావిద్య. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఏపీఎం అనే పద్ధతిని వెలువరించాయి. అందులో పెత్తనం ప్రధానంగా బయాస్‌ది. 1996 డిసెంబరులో తోషిబా కూడా కలిసి ఏసీపీఐ ప్రమాణం వచ్చింది. పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి మారింది. నిద్రకు అంతస్తులు ఏర్పడ్డాయి. ఎస్3లో మెమరీకి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. ఎస్4లో, అనగా హైబర్నేషన్‌లో, మెమరీలోని సమాచారం డిస్కుకెక్కి యంత్రం ఆరిపోతుంది. శీతాకాల సుప్తావస్థలోని కప్పకు ప్రాణమైనా నిలిచి ఉంటుంది. దీనికి అదీ లేదు.

రెండవది నిస్తంత్రి విద్య. 802.11 ప్రమాణం 1997లో ఆమోదం పొందింది. 1999లో 802.11బి, ఆ యేడే ఆపిల్ ఐబుక్, 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో వచ్చి దానిని ఇంటింటికీ చేర్చాయి.

ఇక చిక్కు ఎక్కడ? చాలా కార్డులకు ఫర్మ్‌వేర్‌ను డ్రైవరే ఎక్కించాలి. విద్యుత్తు ఆగగానే అదీ, రూటరుతో కుదిరిన తాళపుచెవులూ పోతాయి. డ్రైవరు జ్ఞాపకం మాత్రం డిస్కునుండి చెక్కుచెదరక తిరిగి వస్తుంది. పాత చుట్టరికం ఇంకా ఉన్నదనే భ్రమ దానిది. భాగవత దశమస్కంధంలో ముచికుందుడు గుహ వెడలి, మనుష్యులూ వృక్షాలూ కురుచబారి ఉండుట చూచి, కలి ప్రవేశించినదని గ్రహించాడు. డ్రైవరుకు కావలసినది ఆ వివేకమే. కార్డును మొదటినుండి సిద్ధపరచి, ఫర్మ్‌వేర్ ఎక్కించి, రూటరుతో మళ్ళీ పరిచయం చేసుకొని, డీహెచ్‌సీపీ ద్వారా చిరునామా అడగాలి.

ఈ వివేకం నేర్పడానికి కార్డు మర్మం తెలియాలి. తయారీదారులు దానిని దాచినప్పుడు లినక్స్ స్వచ్ఛంద సేవకులు కార్డు నడతను శోధించి తెలుసుకొన్నారు. అట్లు బ్రాడ్‌కామ్ కార్డులకు వ్రాసిన డ్రైవరు 2006లో 2.6.17 కెర్నల్‌లో చేరింది. అంతవరకు, ఆ తరువాతా, నిద్రకు ముందు మాడ్యూలును తొలగించి, లేచాక తిరిగి ఎక్కించడం వాడుకరుల నిత్యకృత్యం.

చికిత్సకూ క్రమం ఉన్నది. నెట్‌వర్క్ పేర్లే కనబడకపోతే కార్డును డిసేబుల్ చేసి మళ్ళీ ఎనేబుల్ చేయాలి. కలిసినట్లు చూపుతూ పుటలు తెరుచుకోకపోతే చిరునామాను పునరుద్ధరించాలి. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వలన షట్‌డౌన్ చేసినా కెర్నల్ స్థితి డిస్కులో దాగుతుంది. అందువలన షట్‌డౌన్‌తో తీరని రోగం రీస్టార్ట్‌తో తీరవచ్చును.

నిద్ర పుచ్చినవారు వేరు, మేల్కొన్నాక లోకాన్ని చూపవలసినవారు వేరు. ఆ ఇరువురి నడుమ మాట కుదరనంతకాలం ఈ బెడద తప్పదు. మీరెరిగిన చిట్కాలు తెలుపగోరుతాను. స్వస్తి.