జోర్డాన్ ప్రజల సమ్మతి: ఒక లెక్క, దాని వెనుక చరిత్ర

రోగికి మూత్రపిండం దానం చేయడం వేరు; ఎవరికి ఉపకరిస్తుందో తెలియని పరిశోధన కోసం తన రక్తాన్నో, శస్త్రచికిత్సలో తొలగించిన కండముక్కనో అప్పగించడం వేరు. మొదటిదానిలో గ్రహీత మనిషి. రెండవదానిలో దాతకు కనిపించేది ఫ్రీజరులోని చిన్న గొట్టం, దానిపై ఒక సంఖ్య. ఈ రెండవ దానాన్ని గురించి ప్రజలనే అడిగి లెక్కకట్టిన అరబ్బు దేశాలలో జోర్డాన్ ఒకటి.

జోర్డానులో మూత్రపిండం మార్పిడి 1972లోనే జరిగింది. 1977లో మానవ అవయవాల వినియోగంపై చట్టం వచ్చింది. ధార్మిక అనుమతి ప్రశ్న మాత్రం ఒక్క జోర్డానుది కాదు. హి.శ. 1402లో, అనగా 1982లో, సౌదీ అరేబియా ఉన్నత ఉలమా మండలి అవయవదానాన్ని అనుమతించింది. 1988 ఫిబ్రవరిలో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ ఇంకా విపులమైన నిర్ణయం చేసింది. కణజాలం, కణాలు, రక్తం కూడా అవయవం క్రిందికే వస్తాయని నిర్వచించింది. వ్యాధి కారణంగా తీసివేసిన కంటి నుండి కార్నియాను మరొకరికి అమర్చవచ్చునన్నది. విక్రయాన్ని నిషేధించింది. అయితే ఆ పండితుల దృష్టి రోగి అవసరం మీద ఉన్నది, పరిశోధనాలయం మీద కాదు.

రక్తం, కణజాలం నమూనాలను ఏళ్ల తరబడి భద్రపరచి పరిశోధకులకు అందించే బయోబ్యాంకుల ఆలోచన వచ్చిన తరువాత ఈ తేడా ముందుకు వచ్చింది. జోర్డాన్ జనాభాకు ప్రాతినిధ్యం వహించే 3,196 మందిని జాతీయ సర్వేలో ప్రశ్నించారు. ఫలితాలు 2013లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో వెలువడ్డాయి. దేశం పరిశోధనపై ధనం వెచ్చించాలన్నవారు 98.2 శాతం. బయోబ్యాంకులో పాల్గొంటామన్నవారు 64 శాతం. ఖజానా సొమ్ము విషయంలో ఉన్న ఏకాభిప్రాయం సొంత శరీరం దాకా వచ్చేసరికి నిలువలేదు. ఇందులో వింతేమీ లేదు.

ఆలోచింపజేసే అంకె మరొకటి. సమ్మతి పత్రం ఉంటే మీ నిర్ణయం మారుతుందా అని అడిగినప్పుడు, దానివల్ల మొగ్గు చూపుతామన్నవారు 19.8 శాతం, వెనుకాడుతామన్నవారు 13.1 శాతం, 65 శాతం మందికి పత్రం ఉన్నా లేకున్నా ఒకటే. వైద్యునిపై నమ్మకమని దీనికి అర్థం చెప్పవచ్చు. తమకొక హక్కు ఉన్నదనే తెలియకపోవడమనీ చెప్పవచ్చు. సర్వే జరిపినవారు ప్రజలకు తమ హక్కులు తెలియజెప్పాలని సిఫారసు చేశారంటే రెండవ అర్థాన్ని కొట్టివేయలేదన్నమాట. పత్రం లేని కాలంలో ఏమి జరిగిందో తెలియనిది కాదు. 1951లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కేన్సరు గడ్డ నుండి తీసిన కణాలు ఆమెకు తెలియకుండానే ప్రపంచమంతటా పరిశోధనాలయాలకు చేరాయి. కుటుంబానికి ఆ సంగతి రెండు దశాబ్దాల తరువాత గాని తెలియలేదు.

పత్రాన్ని అంతగా పట్టించుకోని ఆ ప్రజలే, ఏ పద్ధతి కావాలని అడిగితే స్పష్టంగా చెప్పారు. పాల్గొంటామన్నవారిలో 90 శాతానికి పైగా, ముందుగా అడిగి ఒప్పుకున్న తరువాతనే తీసుకోవాలన్నారు. 75.2 శాతం ఏ పరిశోధనకైనా సరేనన్నారు. 16.9 శాతం ఫలానా వ్యాధికి, ఫలానా అవయవానికి మాత్రమేనని హద్దు గీశారు. ఇలా హద్దు గీసినవారి ప్రతి గొట్టానికీ ఆ షరతును జతచేసి నమోదు చేయాలి, పరిశోధకుడు అడిగిన ప్రతిసారీ దానిని సరిచూడాలి. బయోబ్యాంకులకు సాధారణ సమ్మతి అనుకూలం కావడానికి అదొక కారణం.