ఈ ఆటకు యజమాని ఎవరు?

కార్తీక అమావాస్య వస్తే పల్నాడు చూపంతా కారంపూడి మీదే. నడికుడి జంక్షన్‌లో రైలు దిగినవాళ్ళు గురజాల మీదుగా ఆ దారి పడతారు. నాగులేటి ఒడ్డున వీర్ల గుడి దగ్గర అయిదు రోజుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. 12వ శతాబ్దంలో నలగామరాజు, మలిదేవరాజు అనే అన్నదమ్ముల పోరులో నేలకొరిగిన వీరుల కోసం, వీరాచారవంతులు తరతరాలుగా ఇంట్లో పూజలందుకునే ఆయుధాలు పట్టుకుని కదులుతారు. వీరవిద్యావంతులు కథ పాడుతుంటే బ్రహ్మనాయుడు, నాగమ్మ, అలరాజు, బాలచంద్రుడు మళ్ళీ కళ్ళ ముందు నిలుస్తారు. అక్కడికి వచ్చినవాళ్ళు కథ విని ఊరుకోరు, అందులోకి నడిచి వెళతారు.

కథలోకి నడిచి వెళ్ళాలన్న ఆ కోరికే యాభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక ఆటగా పుట్టింది. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అది కోట్ల డాలర్ల బ్రాండ్ అయింది. యజమానులు దానికి తాళం వేయబోతే ఆడేవాళ్ళు అడ్డుపడ్డారు. ఇది వాళ్ళ కథ. మనకూ పనికొచ్చే కథ.

చెప్పులు కుట్టిన చేతులు

1972 చివరి నెలలు. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. రెండేళ్ళ కిందట బీమా కంపెనీ ఉద్యోగం పోయిన గ్యారీ గైగాక్స్, ఇంట్లోనే చెప్పులు బాగుచేస్తూ సంసారం ఈదుతున్నాడు. యుద్ధ వ్యూహాల ఆటలంటే ప్రాణం. ఒక రోజు మిన్నెసోటా నుంచి డేవ్ ఆర్నెసన్ వచ్చాడు. బల్ల మీద బ్లాక్‌మూర్ అనే తన ఊహా రాజ్యాన్ని పరిచాడు. అప్పటిదాకా వాళ్ళు సైన్యాలను నడిపేవారు. ఆర్నెసన్ ఆటలో ఒక్కొక్కరికి ఒక్క మనిషే. ఆ మనిషికి పేరు, బలం, బలహీనత, బతుకు ఉన్నాయి.

మన కథతో చెబితే ఇలా ఉంటుంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. “నువ్వు అలరాజువి. ఏడేళ్ళ వనవాసం గడువు తీరింది. రాజ్యభాగం అడగడానికి గురజాల సభకు వచ్చావు. ఎదురుగా నాగమ్మ. ఏమంటావు?” అని అడుగుతారు. అలరాజు పాత్రధారి తన మాట తాను చెబుతాడు. ఆ మాట సభలో నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. తర్వాత ఏం జరుగుతుందో కథ నడిపేవాడికి కూడా ముందే తెలియదు.

ఈ ఆటను అచ్చువేయడానికి పెద్ద కంపెనీలేవీ ముందుకు రాలేదు. 1973లో గైగాక్స్, చిన్ననాటి స్నేహితుడు డాన్ కే కలిసి టీఎస్ఆర్ అనే చిన్న సంస్థ పెట్టారు. 1974లో మొదటి వెయ్యి ప్రతులు వచ్చాయి. ధర 10 డాలర్లు. పెట్టెలు చేత్తో సర్దుకున్నవే. ఏడాది తిరగకుండానే అన్నీ అమ్ముడయ్యాయి. ఆ విజయాన్ని డాన్ కే ఎక్కువ కాలం చూడలేదు. 1975 జనవరిలో గుండెపోటుతో కన్నుమూశాడు.

బయటికి నడిచిన సృష్టికర్త

డబ్బు వచ్చాక తగాదా వచ్చింది. రావలసిన రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కాడు. రెండేళ్ళ తర్వాత రాజీ కుదిరింది. గైగాక్స్ హాలీవుడ్ వెళ్ళి, ఈ ఆటను 1983లో టీవీ కార్టూన్‌గా తెచ్చాడు. ఈలోగా కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. నిలబెట్టడానికి తిరిగొచ్చినవాడికి 1985 అక్టోబరులో డైరెక్టర్ల బోర్డులో ఓట్లు చాలలేదు. వాటాలు చేతులు మారాయి. తాను పెట్టిన సంస్థ నుంచి తానే బయటికి వెళ్ళవలసి వచ్చింది. కోర్టుకు వెళ్ళినా గెలవలేదు.

1997లో దివాలా అంచున ఉన్న టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనుక్కుంది. రెండేళ్ళకు విజార్డ్స్‌ను బొమ్మల కంపెనీ హాస్బ్రో కొంది. 2000లో విజార్డ్స్ గొప్ప నిర్ణయం ఒకటి తీసుకుంది. ఆట మూల నియమాలను ‘ఓపెన్ గేమ్ లైసెన్స్’ పేరుతో అందరికీ వదిలేసింది. ఎవరైనా వాటి మీద సొంత కథలు అల్లుకోవచ్చు, పుస్తకాలు వేసి అమ్ముకోవచ్చు. ఆ తలుపులోంచి ఎందరో చిన్న ప్రచురణకర్తలు పుట్టుకొచ్చారు. 2015లో కొందరు నటులు తాము ఆడుతున్న ఆటనే ‘క్రిటికల్ రోల్’ పేరుతో ఇంటర్నెట్‌లో ప్రసారం చేస్తే లోకం కళ్ళప్పగించి చూసింది. 2016లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్ ఈ ఆటను ఇంటింటికీ తీసుకెళ్ళింది.

జనవరి 2023

2022 డిసెంబరులో హాస్బ్రో పెద్దలు మదుపరులకు ఒక మాట చెప్పారు. ఈ ఆటకున్న పేరుకు తగ్గ రాబడి రావడం లేదన్నారు. నెల తిరగకుండానే, జనవరి 5న, కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. పాత లైసెన్స్ ఇక చెల్లదు. ఏడాదికి 7.5 లక్షల డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం దాకా చెల్లించాలి. ఇతరులు రాసినదాన్ని విజార్డ్స్ ఎప్పటికీ వాడుకోవచ్చు, వాళ్ళకు పైసా ఇవ్వనక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళు పాత లైసెన్స్‌ను నమ్మి బతుకు కట్టుకున్నవాళ్ళ కాళ్ళ కింద నేల కదిలింది. బహిరంగ లేఖ మీద వేల సంతకాలు పడ్డాయి. డీఅండ్‌డీ బియాండ్ అనే ఆన్‌లైన్ సేవకు కట్టే చందాను జనం రద్దు చేసుకున్నారు. జనవరి 12న పోటీ సంస్థ పైజో, ఎవరి సొత్తూ కాని కొత్త లైసెన్స్ తెస్తామని ప్రకటించింది. ఎనిమిది నెలలకు సరిపోతాయనుకున్న తమ నియమ పుస్తకాలు రెండు వారాల్లో అయిపోయాయని ఆ తర్వాత చెప్పింది.

విజార్డ్స్ దిగొచ్చి, మార్చిన ముసాయిదా మీద అభిప్రాయం అడిగింది. 15 వేల మందికి పైగా స్పందించారు. ఆ షరతుల కింద తమ రచనలు అచ్చువేయబోమని 88 శాతం మంది అన్నారు. పాత లైసెన్స్ రద్దును 89 శాతం మంది వ్యతిరేకించారు. జనవరి 27న సంస్థ తలొగ్గింది. పాత లైసెన్స్‌ను ఉంచింది. మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా, అందరికీ ఇచ్చేసింది. పాచికలు తప్ప వేరే ఆయుధం లేని ఆటగాళ్ళు మూడు వారాల్లో గెలిచారు.

అదే ఏడాది మరో రెండు తీర్పులు వచ్చాయి. మార్చి 31న ఈ ఆట మీద తీసిన సినిమా విడుదలైంది. సుమారు 15 కోట్ల డాలర్లతో తీస్తే 20 కోట్ల పైచిలుకు వసూలైంది. థియేటర్ల వాటా పోతే అది లాభం కింద లెక్క కాదు. ఆగస్టులో బెల్జియం సంస్థ లేరియన్ ఇదే ఆట నియమాలతో ‘బాల్డర్స్ గేట్ 3’ అనే వీడియో గేమ్ తెచ్చింది. అందులో ప్రతి నిర్ణయమూ ఆడేవాడిదే. అది ఆ ఏటి మేటి ఆటగా బహుమతి గెలిచింది. మరుసటి ఏడు లేరియన్, తమ తర్వాతి ఆట ఈ బ్రాండ్‌తో ఉండదని చెప్పేసింది. పేరు హాస్బ్రో దగ్గర మిగిలింది, ప్రాణం పోసిన చేతులు వేరే దారి పట్టాయి.

పల్నాడు చెప్పేది

పల్నాటి కథకు యజమాని లేడు. శ్రీనాథుడి పేరుతో కావ్యం ఉంది. ఊరూరా పాట ఉంది. ఆ పాటను జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషులోకి తెస్తే 1982లో ఆక్స్‌ఫర్డ్ అచ్చువేసింది. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఎవరి నాగమ్మను వారు చూపించారు. ఒకరి నాగమ్మ మరొకరి నాగమ్మను చెరిపేయలేదు. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడులాగే ఈ కథ అందరికీ వడ్డించింది. ఎనిమిది వందల ఏళ్ళు బతికింది అందుకే.

ఇలాంటి పాత్రధారణ ఆటల భవిష్యత్తు ఇక్కడే తేలుతుంది. సినిమా, సీరియల్, వీడియో గేమ్ ఎన్ని వచ్చినా, బల్ల చుట్టూ కూర్చున్నవాడికి ఇది నా కథ అనిపించినంత కాలమే ఆ బ్రాండ్‌కు విలువ. ఆ హక్కు లాక్కున్న నాడు మిగిలేది పెట్టె మీది బొమ్మ.

అందుకే నడికుడి, దాచేపల్లి, గురజాల, మాచర్ల కాలేజీల్లో చదువుతున్న పిల్లలకు ఒక విన్నపం. నియమాలు ఇప్పుడు అందరివీ. పాచికలు చవక. కథ మీ ఊళ్ళోనే ఉంది. వీరవిద్యావంతుల దగ్గర కూర్చుని వినండి. కారంపూడిలో జరిగేది ఆరాధన. దాని జోలికి పోకుండా, కథను మాత్రం ఆటగా మలచండి. కథ చెప్పిన వీరవిద్యావంతుల పేర్లు అట్ట మీద వేయండి, రాబడిలో వాటా ఇవ్వండి. మీరు రాసిన నియమాలకు మాత్రం తాళం వేయకండి.