చర్మం చెప్పిన సాక్ష్యం: హర్లర్ వ్యాధి, మూలకణ మార్పిడి చరిత్ర

పసిబిడ్డ వీపు మీద నీలిబూడిద రంగు మచ్చ కనిపిస్తే పెద్దలు పుట్టుమచ్చ అని సరిపెట్టుకుంటారు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట తీరంలోనైనా మరెక్కడైనా ఆ మాట చాలావరకు నిజమే. పెరిగేకొద్దీ ఆ మచ్చ మాసిపోతుంది. అయితే మచ్చలు వీపంతా పరచుకొని పొట్ట మీదికీ వ్యాపించి మాసిపోకుండా నిలిచినప్పుడు, అవి హర్లర్ వ్యాధి వంటి అరుదైన జీవక్రియా లోపానికి తొలి సూచన కావచ్చు. ఈ వ్యాధుల చికిత్సా చరిత్రలో చర్మం పదేపదే సాక్షిగా నిలిచింది.

హంటర్ 1917లో, గెర్ట్రూడ్ హర్లర్ 1919లో తమ పేర్లతో నిలిచిన వ్యాధులను వర్ణించారు. కణంలో ఒక ఎంజైము లోపించడం వల్ల పొడవైన చక్కెర గొలుసులు విడిపోక పేరుకుపోతాయన్న సంగతి చాలాకాలం తర్వాతగాని తేలలేదు. 1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్, జోసెఫ్ ఫ్రాటాన్టోని హర్లర్ రోగి చర్మకణాలనూ హంటర్ రోగి చర్మకణాలనూ ఒకే పాత్రలో పెంచారు. ఒకదాని లోపాన్ని మరొకటి తీర్చింది. ఒక కణం విడిచిన ఎంజైమును ఇంకొక కణం స్వీకరించగలదని తెలిసిన ఆ ప్రయోగమే మార్పిడి చికిత్సకు సైద్ధాంతిక పునాది. 1980లో లండన్‌లో హాబ్స్ బృందం హర్లర్ వ్యాధిగల బిడ్డకు ఎముకమజ్జ మార్పిడి చేసింది. దాత మూలకణాల సంతతి మెదడుకు సైతం చేరి అక్కడ ఎంజైమును అందిస్తుంది. మందుగా ఎక్కించిన ఎంజైము మెదడులోకి చేరలేదు. మార్పిడి తర్వాత మందమైన చర్మం, మొరటుదేరిన ముఖకవళికలు మెత్తబడతాయి. ఎముకల వైకల్యం మాత్రం అంతగా లొంగదు.

మార్పిడిలోని ప్రమాదమూ తరచు చర్మం మీదనే ముందుగా బయటపడుతుంది. దాత కణాలు గ్రహీత దేహాన్ని పరాయిదిగా ఎంచి దాడి చేసినప్పుడు అరచేతులు, అరికాళ్లు ఎర్రగా కందుతాయి. దాని నివారణకు దశాబ్దాలుగా వాడుతున్న మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వంలో లెడర్లీ పరిశోధనశాల చేసిన కృషి ఫలితమది. ఆయనను గురించిన తెలుగు రచనలు తరచు ఫోలిక్ ఆమ్లం, రక్తక్యాన్సర్ల దగ్గరే ఆగిపోతాయి. ఈ అధ్యాయం కూడా అందులో చేరవలసినదే.

హర్లర్ వ్యాధి సంక్రమించాలంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ట జన్యువు రావాలి. మేనరికాలు నేటికీ సాగుతున్న తెలుగు సమాజంలో ఇది చిన్న విషయం కాదు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ వ్యాధి తీవ్రరూపానికి మూలకణ మార్పిడిని గుర్తిస్తూ తొలి రెండేళ్ల వయసును హద్దుగా పెట్టింది. 2022లో సహాయ పరిమితి 50 లక్షల రూపాయలకు పెరిగింది. తొలి జాబితాలోని ప్రత్యేక కేంద్రాల్లో తెలుగు నేలపై ఉన్నది హైదరాబాదులోనిదొక్కటే. ఇందుకూరుపేట బిడ్డ విషయంలో, పుట్టుమచ్చేనని ఊరుకున్న నెలలన్నీ ఆ రెండేళ్లలోంచే తరుగుతాయి.