జేబులోని రేడియో

చేతిలోని ఫోనులో రేడియో వినుటకు నేడు రెండు మార్గములు కలవు. గాలిలో వచ్చు తరంగమును నేరుగా పట్టుట ఒకటి. ఇంటర్నెట్టు ద్వారా రప్పించుకొనుట రెండవది. చెవికి రెండును ఒకటే. పనితీరు మాత్రము వేరు.

ఎఫ్.ఎం. పద్ధతికి అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంటు పొందెను. మన దేశమున 1977లో మద్రాసు నుండి ఈ ప్రసారములు మొదలైనవి. 2001లో వచ్చిన నోకియా 8310 ఫోనులో ఎఫ్.ఎం. రేడియో ఇమిడియుండెను. ఈ తరంగము పొడవు సుమారు 3 మీటర్లు. దానిని చక్కగా అందుకొను ఏరియలుకు చిన్న ఫోనులో చోటు చాలదు. కనుక చెవికి తగిలించుకొను తీగయే ఏరియలుగా పనిచేయును. 2016లో వచ్చిన ఐఫోను 7లో ఆ తీగ దూర్చు రంధ్రమును లేదు, ఎఫ్.ఎం. చిప్పును లేదు.

ప్రసారము వాన వంటిది. పదిమంది విన్నను, లక్షమంది విన్నను కేంద్రమునకు శ్రమ ఒకటే. ఇంటర్నెట్టు బిందెలతో ఇంటింటికి నీరు మోయుట వంటిది. ప్రతి శ్రోతకును వేరుగా పంపవలెను. అయినను దూరమును జయించినది అదియే; విజయవాడ కేంద్రమును అమెరికాలోని తెలుగువారు వినుట దానివలననే.

కాని 2017 సెప్టెంబరులో మరియా తుపాను ప్యూర్టోరికో ద్వీపమును తాకినప్పుడు సెల్ టవర్లలో నూటికి 95 మూగవోయినవి. అట్టి వేళ ఒక్క ప్రసారకేంద్రము నిలిచినను ఊరూరికి హెచ్చరిక అందును. అందుచేతనే 2023లో భారత ప్రభుత్వము ఫోనులలో ఎఫ్.ఎం. సదుపాయము ఉంచవలసినదిగా తయారీదారులకు సూచించెను.

విద్యార్థులారా! మీ ఇంటి ఫోనులో డేటా ఆపి, తీగ తగిలించి చూడుడు. రేడియో పలికినచో, తుపానునాటి నేస్తము మీ జేబులోనే కలదు.