అలకకూ ఒక రోజు

కొత్త మాటలు పుట్టించడం పండితుల పని అనుకుంటాం. నిజమే, 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం హైదరాబాద్‌లో అనువాద శాఖ పెట్టి, పాఠ్యపుస్తకాలకు కావలసిన ఉర్దూ మాటలు తయారు చేయించారు.

కానీ మామూలు జనం కూడా మాటలు అల్లుతారు. మన బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక, చక్కెరను ఉర్దూలో పిలిచే 'శక్కర్' పక్కన 'నగర్' చేరి శక్కర్‌నగర్ అయింది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డా పేరు మిగిలింది.

ఇక ఇంటి సంగతులకు పేర్లు పెట్టింది ఆడవాళ్లే అనిపిస్తుంది నాకు. బతుకమ్మ రోజులే చూడండి. మొదటిది ఎంగిలిపూల బతుకమ్మ. ముందురోజే కోసి ఉంచిన పూలు కాబట్టి ఆ పేరని పెద్దలు చెప్తారు. నోటికి సంబంధించిన 'ఎంగిలి'ని పూలకు ఎంత అందంగా తగిలించారో! ఆ మాటకే ఇంగ్లీషులో సరైన జోడు లేదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం ఉండదు. అలక అంటే ఉత్త కోపం కాదు, మనవాళ్లు వచ్చి బతిమాలుతారన్న నమ్మకం ఉన్న కోపం. ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆ అలకకు పండుగలో ఏకంగా ఒక రోజు ఇచ్చారు.

మరి మన కాలం సంగతులకో? బిడ్డ హాస్టల్‌కు వెళ్లి నెలలైనా, బియ్యం కొలిచే చెయ్యి ఆమె వంతు కూడా పోస్తుంది. ఇంగ్లీషులో దీనికి పేరు లేదు. తెలుగులోనూ నాకు దొరకలేదు. అందుకే 'బిడ్డసోల' అంటున్నాను.

మీ ఇంట్లో పేరులేనిది ఏదైనా ఉంటే, మీరే పేరు పెట్టండి.