గోదావరిపై హేవలాకు వంతెన

రాజమహేంద్రవరమునకును గొవ్వూరునకును నడుమ గోదావరిపై నిలిచియున్న పాత రైలువంతెనను, ధవళేశ్వరపు టానకట్టను ఒక్కరి కృతులుగాఁ దలఁచుట పొరపాటు. రెంటితో ముడివడిన దొరల పేరులు 'ఆర్థరు' లగుటచే నిట్టి భ్రమ కలుగవచ్చును. కాలక్రమమును విచారించినచో నది నిలువదు. అంతియ కాదు; ఆనకట్ట కట్టించిన కాటను రైలుమార్గములకంటెఁ గాలువలే యీ దేశమునకు మేలని వాదించినవాఁడు.

ఆర్థరు కాటను 1847లో నారంభించిన యానకట్ట 1852లోఁ బూర్తియయ్యెను. దాని కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక పడవలకును మార్గములైనవి. సరకులను జౌకగాఁ జేరవేయుటకు జలమార్గమే తగినదని యాతఁడు 1878లో నాంగ్లపార్లమెంటు ఉపసంఘమునెదుట సాక్ష్యమిచ్చెను.

అయినను దూర్పుతీరమునకు రైలు వచ్చెను. బెజవాడ కటకముల నడుమ 1893 మొదలు మార్గము క్రమముగాఁ దెరువఁబడినది. కాని గోదావరికడ నది తెగియుండెను. ప్రయాణికులు బండి దిగి, యేఱు దాఁటి, యావలి యొడ్డున మరల బండి యెక్కవలసియుండెను.

ఈ లోపము దీర్చుటకై 1897 నవంబరు 11న వంతెనపని యారంభమయ్యెను. కాశికడ గంగపై 1887లోఁ దెరువఁబడిన డఫరిన్ వంతెనపనిని నడపిన గ్రాన్‌విల్ వాల్టనే దీనికిని ఇంజనీరు. రాతిస్తంభములపై నొక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు నిలిపిరి. వెరసి 8,400 అడుగులు. అనఁగా మైలున్నరకు మించిన దూరము. 1900 ఆగస్టు 30న బండ్ల రాకపోకలు మొదలయ్యెను. చెన్నపురి గవర్నరు ఆర్థరు ఎలిబాంకు హేవలాకు పేర వంతెన వెలసెను. కాటను 1899 జూలైలోనే గతించియుండుటచే దీనిఁ జూడఁడయ్యెను.

ఆతని వాదమున నేది నిలిచినది? సరకుల రవాణా కాలువలను విడిచి రైళ్లకును రోడ్లకును బోయెను. సేద్యపునీరు మాత్రము నేఁటికిని నా కాలువలదే. ఒంటిదారి వంతెనకుఁ దోడుగా 1974లో రైలు, రోడ్డు వంతెన వచ్చెను; 1997లోఁ గమాను వంతెన సిద్ధము కాఁగా హేవలాకు వంతెన విశ్రమించెను. ఆనకట్టకు మాఱుగా 1982లోఁ బూర్తియైన బ్యారేజి మాత్రము కాటను పేరనే నిలిచినది. ఇట్లు రెండు కట్టడములును గ్రొత్తవానికిఁ జోటిచ్చినవి. బాటగా రైలు గెలిచినది. అన్నదాతగాఁ గాలువ నిలిచినది.